చెత్త తక్కువైన ఇల్లు

మా ఇంట్లో చెత్త చాలడం లేదని మునిసిపాలిటీ వాళ్ళు నోటీసు ఇచ్చిన రోజు నేను పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. చారులో అసలు వెయ్యలేదు.

నోటీసంటే నాకు మొదటినుంచీ అంతే. ఎనిమిదో తరగతి దాకా చదివాను కాబట్టి ఏ కాగితమైనా కూడబలుక్కోగలను. ఆ మాత్రం కూడా రాకపోతే సగం భయం తగ్గేదేమో. కరెంటు బిల్లు వచ్చినా సరే, ముందు ఆయన్ని జైల్లో పెడితే బీపీ మాత్రలు ఎవరు అందిస్తారా అని ఆలోచించుకుని, ఆ తరువాతే బిల్లు చదువుతాను.

ఈ కాగితంలో ఇలా ఉంది: "ఇంటి నంబరు 17-4-22 గల గృహస్థులకు తెలియజేయునది. ఇంటింటి ప్లాస్టిక్ వ్యవస్థాగత పరివర్తన పథకము కింద ప్రతి గృహము నెలకు సగటున రెండు కిలోల నాలుగు వందల గ్రాముల ప్లాస్టిక్ వ్యర్థమును అప్పగింపవలసి యుండగా, తమ గృహము నూట అరవై గ్రాములు మాత్రమే అప్పగించినది. మిగిలినది తమ ఇంటనే దాచబడినట్లు, లేదా కాల్చబడినట్లు, లేదా కాలువలో వేయబడినట్లు భావింపబడుచున్నది. సదరు లోటు పూరించువరకు తమ గృహమునకు ఎట్టి ధ్రువపత్రమును జారీ చేయబడదు."

"ఏవండీ, మనం ఎక్కడైనా దాచామా?" అన్నాను.

మా ఆయన త్రిమూర్తులు కలప డిపోలో గుమాస్తా. దుంగల చుట్టుకొలతలు రాసీ రాసీ ఆయనకి ఏ కొలతన్నా నమ్మకం పోయింది. "రెండుంపావు కిలోలు దాచడానికి మనింట్లో చోటెక్కడుందే మంగతాయారూ?" అన్నారు.

ఆఖరి వాక్యం దగ్గరకొచ్చేసరికి మా అమ్మాయి నాగశిరీష మొహం పాలిపోయింది. దానికి నర్సింగు కోర్సులో సీటొచ్చేలా ర్యాంకు వచ్చింది. ఇరవై ఎనిమిదో తారీకున కౌన్సెలింగ్. నివాస ధ్రువపత్రం లేకుండా వెళ్తే ఆ సీటు తరువాతి ర్యాంకు వాళ్ళకి పోతుంది. ఆ పత్రం ఇవ్వాల్సింది మా వార్డు ఆఫీసు. ఇవాళ మూడో తారీకు.

అసలీ పథకం పెట్టినప్పుడు అందరికంటే సంతోషించినదాన్ని నేనే. అంతకుముందు గోడల నిండా "కవరు వాడకు, పాపం మూటగట్టుకోకు" అని రాసేవారు. కొత్తిమీర కట్ట కవరులో పెట్టించుకున్నా వైతరణి దాటలేనేమోనని బెంగపెట్టుకునేదాన్ని. అలాంటిది పెద్దవాళ్ళెవరో ఏసీ హాల్లో మూడు రోజులు కూర్చుని, తప్పు మనుషులది కాదు వ్యవస్థది అని తేల్చారట. ఏదైనా నా తప్పు కాదని ఒకరు చెప్పడం నా జన్మలో అదే మొదలు.

వ్యవస్థ మార్చాలంటే ముందు కొలవాలి. అందుకని ఊళ్ళో ఒక నెలలో పోగైన ప్లాస్టిక్ మొత్తం తూచి, ఇళ్ళ సంఖ్యతో భాగించారు. అందులో మూడు ఫంక్షన్ హాళ్ళ చెత్త, బస్టాండు హోటళ్ళ చెత్త కూడా కలిసిపోయిందని మా శిరీష తరువాత కనిపెట్టింది. కానీ అప్పటికే ఆ సగటుని కమిషనర్ ఆఫీసులో ఫ్రేము కట్టించేశారు.

మర్నాడు పొద్దున్నే వార్డు ఆఫీసుకి వెళ్ళాను. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఏకాంబరం గారు మర్యాదస్తుడే. కూర్చోమన్నారు. భయంతో నేనే కూర్చోలేదు.

"అయ్యా, మా ఇంట్లో అంత ప్లాస్టిక్ రాదండి. పాలకి గిన్నె పట్టుకెళ్తాం. సంతకి సంచీ పట్టుకెళ్తాం. వచ్చిన కవరు చిరిగేదాకా వాడతామండి."

"చూడమ్మా, రాకపోవుట అనునది సాధ్యం కాదు. సగటు అనేది ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. దాని నుండి తప్పించుకొనుట నేరం."

"తప్పించుకోలేదండి. మాకు అలవాటు లేదంతే."

"అలవాటు లేకపోవుట వ్యక్తిగత విషయం. మనం ఇప్పుడు వ్యక్తిగత స్థాయి దాటి వచ్చేశాం. ఇది వ్యవస్థాగతం." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంటికెళ్ళి జాగ్రత్తగా వెతకండి. చాలామందికి దొరుకుతోంది."

నిజం చెప్పొద్దూ, ఇంటికొచ్చేసరికి నాకే అనుమానం పట్టుకుంది. అంత చదువుకున్నాయన చెప్తున్నారు, ఎక్కడో ఉండే ఉంటుంది. మంచాల కింద వెతికాను. అటక మీద వెతికాను. మా ఆయన ట్రంకు పెట్టె తాళం పగలగొట్టి మరీ వెతికాను. అందులో మా పెళ్ళి ఫొటోలు, ఒక విరిగిన స్కేలు ఉన్నాయి. పాతికేళ్ళ కాపురంలో మొగుణ్ణి మొదటిసారి అనుమానించడం ఒక ప్లాస్టిక్ కవరు విషయంలో జరిగింది.

చివరికి వంటింటి తలుపు వెనకాలే దొరికింది. మేకుకి వేలాడే పెద్ద కవరు. అందులో కవర్లు, ఆ కవర్లలో చిన్న కవర్లు. మా అత్తగారి హయాం నుంచి దాచినవి. తూస్తే తొమ్మిది వందల గ్రాములు. ఆనందంతో కళ్ళనీళ్ళొచ్చాయి.

ఎదుటివాళ్ళకి ఇచ్చే వస్తువు కడగకుండా ఇస్తామా? గిన్నె ఇచ్చినా కడిగే ఇస్తాం కదా. కవర్లన్నీ తిరగేసి కుంకుడు రసంతో కడిగి, దండెం మీద ఆరేసి, ఇస్త్రీ ఒక్కటే తక్కువగా మడతలు పెట్టి, పైన ఒక దారం చుట్టి ఏకాంబరం గారి బల్ల మీద పెట్టాను.

ఆయన వాసన చూశారు. మళ్ళీ చూశారు.

"ఇదేంటమ్మా?"

"చెత్తండి."

"చెత్త అని రుజువేంటి?"

ఆయన సొరుగులోంచి సర్క్యులర్ తీసి చదివారు. "వ్యర్థమునకు వ్యర్థ లక్షణములు ఉండవలెను. అవి యేవనగా జిడ్డు, వాసన, అవశేషము. ఈ మూడింటిలో కనీసము రెండు లేని ప్లాస్టిక్ వస్తువు ఆస్తిగా పరిగణింపబడును." కాగితం మడిచి, "ఇది ఆస్తి. ఆస్తిని మేం తీసుకోకూడదమ్మా. లంచం కిందికి వస్తుంది," అన్నారు.

లంచం అనే మాట వినగానే కట్ట చంకలో పెట్టుకుని ఆటో కూడా ఎక్కకుండా ఇంటిదాకా పరిగెత్తాను.

ఆ మధ్యాహ్నం పెరట్లో పీట వేసుకుని, కడిగిన కవర్లన్నిటినీ మళ్ళీ మురికి చేశాను. ముందు రోజు మిగిలిన ముద్దపప్పు కలిపి ఒక్కోదానికీ రాశాను. రాస్తున్నంతసేపూ మా అత్తగారు పైనుంచి చూస్తున్నట్టే ఉంది. గిన్నెలో ఒక మెతుకు వదిలేస్తే ఊరుకునేది కాదు ఆవిడ.

మర్నాడు చెత్తబండి తోసుకుంటూ పైడమ్మ వచ్చింది. విజయనగరం వైపు నుంచి వచ్చి పదేళ్ళుగా మా వీధుల్లో చెత్త ఎత్తే మనిషి. ఒక్క కవరు విప్పి చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏటమ్మా ఇది? పాల కవరుకి పప్పు రాసీసేరా?"

"తప్పా పైడమ్మా?"

"పాల కవరికి పాల కంపుండాల. చీర కవరికి పప్పేటమ్మా, చీర మీదేసుకుని తిన్నారేటి? ఆ బాబు ఇట్టే పట్టీస్తాడు. ఆయనకి రోజంతా ఇదే వాసన." కాసేపు నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. "మా బస్తీకి కూడా ఇచ్చినారు లెండి నోటీసు. ఊరి చెత్తంతా ఎత్తీది మేమే. మా ఇళ్ళల్లో చెత్త చాల్లేదట."

అయినా జాలిపడి కొన్ని తీసుకుంది. మా లెక్కలో ఆరువందల గ్రాములు పడ్డాయి.

ఇక తప్పనిసరిగా మేము చెత్త తయారుచేయడం మొదలుపెట్టాం. ఇంట్లో వంట మానేశాను. కర్రీ పాయింటు నుంచి కూర ఒక కవరులో, సాంబారు ఒక కవరులో, అన్నం ఒక డబ్బాలో. షాంపూ సీసా పక్కన పెట్టి సాచెట్లు కొన్నాం. మా ఆయన డిపో నుంచి రాగానే కాళ్ళు కడుక్కోకముందే చిప్స్ ప్యాకెట్లు ముందు పెట్టేదాన్ని.

"ఎన్నోదే ఇది?"

"నాలుగోదండి. పిల్ల సీటు కోసం తినండి."

"ఒక్కో ప్యాకెట్టు మూడు గ్రాములు కూడా ఉండదే. కిలో కావాలంటే ఎన్ని తినాలో తెలుసా? సీటు వచ్చేసరికి దాని మొదటి పేషెంటుని నేనే అవుతాను."

ఆ మాటకి శిరీష నవ్వలేదు. బీపీ మిషను అరువు తెచ్చి రోజూ పట్టీ బిగించి వాళ్ళ నాన్నకి చూసేది. నూటయాభై, నూటయాభై ఎనిమిది. నాకు ఆ అంకెలూ గ్రాములూ కలిసిపోయి, ఒకరోజు నూటఅరవై వస్తే, "హమ్మయ్య, పెరిగింది," అనేశాను. తండ్రీకూతుళ్ళు ఇద్దరూ నన్ను అదోలా చూశారు.

మా ఇంటి బాధ ఊరందరిదీ అయిపోయింది. పక్కింటి బేబీ గోడ మీంచి పిలిచేది. "అక్కా, పావుకిలో ప్లాస్టిక్ ఉంటే బదులియ్యవా? ఆదివారం మా తమ్ముడి కొడుకు పుట్టినరోజు, ప్లేట్లు రాగానే తిరిగిచ్చేస్తాను." లేదంటే మనసులో పెట్టుకునేది. ఇదివరకు కాఫీ పొడి దగ్గర కూడా ఇంత గీచి గీచి మాట్లాడుకోలేదు మేము. మా వీధి చివర ఎవరో గృహప్రవేశానికి అరిటాకుల్లో భోజనాలు పెడితే, తిన్నవాళ్ళందరూ తిట్టుకుంటూ లేచారు. స్వీటు డబ్బా అయినా ఇవ్వలేదు, ఏం మనుషులు అని. కిరాణాకొట్టాయన తెలివైనవాడు. ఉప్పు ప్యాకెట్టుని కవరులో, ఆ కవరుని ఇంకో కవరులో పెట్టి, "మునిసిపాలిటీ ప్యాకింగ్ అండి," అని అందించేవాడు. దండం పెట్టి తీసుకునేవాళ్ళం.

పద్దెనిమిదో తారీకున వార్డు మీటింగు పెట్టారు. ప్రతి కుర్చీకీ ఒక నీళ్ళ సీసా పెట్టారు. అందరం నీళ్ళు గబగబా తాగేసి సీసాలు చేతిసంచుల్లో వేసుకున్నాం. పక్కన కూర్చున్న రిటైర్డ్ మాస్టారు నా సీసా వైపు చూస్తున్నారని కాళ్ళ మధ్య పెట్టుకున్నాను.

ఏకాంబరం గారు మైకు తీసుకున్నారు. "పథకం ప్రారంభించిన నాటి నుండి మన వార్డులో ప్లాస్టిక్ వ్యర్థముల సేకరణ నలభై శాతము పెరిగినదని తెలియజేయుటకు సంతోషించుచున్నాను. ప్లాస్టిక్‌పై మన విజయమునకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. వచ్చే ఏడాది దీనిని రెట్టింపు చేయుటకు కృతనిశ్చయులమై ఉన్నాము."

చప్పట్లు కొట్టాం. నేను అందరికంటే కాస్త గట్టిగానే కొట్టాను. చూస్తారేమోనని.

"ఇదంతా ఎక్కడికెళ్తుందండీ?" అని వెనకనుంచి మా శిరీష అడిగింది. దాని నోరు మూసేలోపే అడిగేసింది.

"లారీ ఎక్కుతుందమ్మా."

"తరువాత?"

"తరువాతది వేరే విభాగము."

"పాత వాటర్ ట్యాంకు వెనకాల పోస్తున్నారండి. కొండంత అయింది."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. పత్రం ఇచ్చే మనిషితో వాదిస్తోంది పిల్ల. నేను లేచి నిలబడ్డాను. ఇంతవరకు ఏ మీటింగులోనూ లేచిందాన్ని కాదు. లేచి, నా కూతురి తరఫున అన్నాను: "చిన్నపిల్లండి, తెలీక అంది. కొండ చాలా అందంగా ఉందండి."

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే రాత్రి పూట దుప్పటి మొహం మీదికి లాక్కుంటాను.

ఆయన చిరునవ్వు నవ్వి నా పేరు రాసుకున్నారు. మంచికో చెడ్డకో తెలియక రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇరవై నాలుగో తారీకుకి లెక్క చూస్తే ఇంకా ఏడువందల గ్రాములు తక్కువ. మిగిలింది ఒక్కటే దారి. పగిలిన వస్తువైతే జిడ్డూ వాసనా లేకపోయినా చెత్త కిందికే వస్తుందట. నీళ్ళ బకెట్టు ఒక్కటే ఏడువందలు తూగుతుంది. కానీ మా బకెట్టు పగల్లేదే! మా ఆయన పెరట్లో బండరాయి మీద వేసి కొట్టారు. ఎగిరి వచ్చి ఆయన మోకాలికే తగిలింది. మేడ మీంచి పారేశారు. దొర్లుకుంటూ వెళ్ళి బేబీ వాళ్ళ గేటు దగ్గర నిలబడింది.

"అన్నయ్యగారూ, ఇది మా వైపు పడింది. ఇక మాదే కదండీ?" అంది బేబీ.

నేను ఆ రోజు బేబీ చేతిలోంచి బకెట్టు లాక్కున్న విధానం గురించి చెప్పను. ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది.

చివరికి మా ఆయన డిపోకి తీసుకెళ్ళి రంపపు మిషను మీద కోయించుకొచ్చారు. దుంగ కోసినట్టు నాలుగు చెక్కలు. అవి చాలు. కానీ నాకు భయం తీరలేదు. తూకం కాటా తేడా వస్తేనో? ఆ కాసింతకి ఆగిపోవడం ఎందుకని మగ్గు, పప్పుల డబ్బా మూతలు, శిరీష చిన్నప్పటి జామెట్రీ బాక్సు కూడా పగలగొట్టి పడేశాను. ఇంతకుముందు ఇచ్చినదానితో కలిపి మొత్తం రెండు కిలోల ఏడువందల అరవై.

ఏకాంబరం గారు కాటా ముల్లు చూసి, పాత లెక్క కలుపుకుని, లేచి నిలబడ్డారు. "అద్భుతం! నూట అరవై గ్రాముల నుండి ఈ స్థాయికి! ఆదర్శ గృహమమ్మా మీది." వెంటనే రిజిస్టరులో రాసుకున్నారు. "మీ ఇంటి సామర్థ్యము రెండు కిలోల ఏడువందల అరవై అని తేలింది కనుక వచ్చే నెల నుండి మీ లక్ష్యము అదే."

"అయ్యా, ఆ మగ్గు పొరపాటున పడిందండి."

"వినయం," అన్నారాయన పక్క గుమాస్తాతో.

ఇరవై ఆరున పత్రం చేతికొచ్చింది. మా పిల్ల పేరు, మా ఇంటి నంబరు, గుండ్రటి ముద్ర. దాన్ని చూస్తూ ఆఫీసు మెట్ల మీదే కూర్చుండిపోయాను. తరువాత నాకు వర్షం గుర్తొచ్చింది. బస్సులో పక్కవాళ్ళ చంటిపిల్లాడు గుర్తొచ్చాడు. మంచినీళ్ళ సీసా మూత లూజవ్వడం, ఎలకలు, నా చేతి చెమట గుర్తొచ్చాయి. నేరుగా జిరాక్స్ కొట్టుకి వెళ్ళి, "బాబూ, తొందరగా లామినేషన్ చెయ్యి," అని వెంటపడ్డాను. మిషను ఇంకా వేడెక్కలేదండీ అంటున్నా వినలేదు.

ఇరవై ఎనిమిదిన జిల్లా ఆఫీసులో కౌన్సెలింగ్. వరసలో శిరీష వంతు వచ్చింది. బల్ల వెనకాల ఉన్న గుమాస్తా కాగితాలన్నీ చూసి, ఆ పత్రం దగ్గర ఆగి, వేలితో తట్టారు.

"లామినేషన్ ఎవరు చేయించమన్నారమ్మా? దీని మీద ముద్ర ఎలా పడుతుంది? సంతకం ఎక్కడ పెట్టను?"

"తడుస్తుందేమోనని..." అన్నాను.

"పన్నెండింటికి లిస్టు మూసేస్తాం. అసలు కాగితం లేకపోతే తరువాతి ర్యాంకు వాళ్ళని పిలుస్తాను. రూలు నేను పెట్టలేదు."

గోడ గడియారంలో పదకొండుంపావు. ఇన్నాళ్ళూ ప్రతిదానికీ భయపడ్డాను. సీటు పోవడానికి కారణం నేనే అవుతానని మాత్రం భయపడలేదు.

"అమ్మా, నువ్వు కూర్చో," అంది శిరీష. ఎవరినో బ్లేడు అడిగి తెచ్చుకుంది. బెంచీ మీద పత్రం పరిచి, అంచు వెంబడి వెంట్రుక వాసి గీత గీసింది. గోరుతో ఒక మూల పైకి లేపింది. మిషను వేడెక్కకపోవడం వల్ల గట్టిగా అతుక్కోలేదట. పుండు మీద కట్టు విప్పినట్టు, కాస్త లాగడం, ఆగడం, మళ్ళీ లాగడం. చెయ్యి వణకలేదు. చుట్టూ పదిమంది మూగినా తలెత్తలేదు. ఈ పిల్ల నా కడుపున ఎలా పుట్టిందా అనుకున్నాను. కింది మూల కొంచెం చిరిగింది. ముద్ర, సంతకం భద్రంగా ఉన్నాయి.

పదకొండూ నలభైకి గుమాస్తా స్టాంపు కొట్టారు. "సీటు ఖాయమమ్మా." శిరీష ఒక్కసారి నా భుజం మీద తల ఆనించి తీసేసింది.

నేను కళ్ళు తుడుచుకుంటూ చూస్తే బల్ల కింద ఒక పెద్ద డబ్బా. అందులో ఒలిచిన లామినేషన్ పొరలు నిండిపోయి పైకి పొంగుతున్నాయి. నాలాంటి తల్లులు జిల్లాలో ఎంతమంది ఉన్నారో. కిలోన్నరకి తగ్గదు. నా నోరు నాకంటే ముందే లేచింది.

"అయ్యా, ఆ డబ్బాలోది... మీకు అక్కర్లేకపోతే..."

"అమ్మా!" అంది శిరీష.

గుమాస్తా కాలితో డబ్బాని వెనక్కి జరుపుకున్నారు. "ముట్టుకోకండి. మా ఆఫీసుకీ లక్ష్యం ఇచ్చారు." తరువాత నా చేతిలో ఉన్న శిరీష ఒలిచిన పొర వైపు చూసి, చెయ్యి చాచారు. "అదీ ఇటివ్వండి. ఈ ఆవరణలో ఒలిచింది ఈ ఆవరణ కిందికే వస్తుంది."

నలభై ఏడేళ్ళొచ్చాయి నాకు. గవర్నమెంటు మనిషి ఏదడిగినా లేదనలేదు. సంతకం అడిగితే పెట్టాను, వేలిముద్ర అడిగితే వేశాను, నిలబడమంటే నిలబడ్డాను.

ఆ పొరని ఉండ చుట్టి జాకెట్టులో దోపుకున్నాను.

"ఇవ్వనండి," అన్నాను. "ఇది మా ఇంటిది."